చెవి ఎముకలకూ ఒక రికార్డు రూము

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, పెన్షను దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ సంగతి, కరువు భత్యం సంగతి నాకన్నా ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పుల గురించి ప్రతి సభలోనూ వింటూనే ఉన్నాం. ఈసారి చెవి గురించి చెబుదామనుకున్నాను. వెనుక వరుసలో వారు కాస్త ముందుకు వచ్చి కూర్చోవాలని కోరుతున్నాను. ఎందుకు కోరుతున్నానో మీకందరికీ తెలుసు.

నేను డాక్టరును కాను. రెవెన్యూ శాఖలో 37 సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాడిని. అందులో తొమ్మిదేళ్ళు రికార్డు రూములో గడిపాను. ఆ దుమ్ములో గడిపిన తొమ్మిదేళ్ళ అనుభవమే ఈ విషయం నాకు అర్థం కావడానికి పనికివచ్చింది. మా మేనకోడలి కూతురు అమెరికాలో వినికిడి మీద పరిశోధన జరిగే ఒక ప్రయోగశాలలో టెక్నీషియనుగా పనిచేస్తున్నది. ఆదివారం ఆదివారం ఫోనులో కనబడుతుంది. "ఏం పని చేస్తావమ్మా?" అని ఒకసారి అడిగాను. "చనిపోయినవాళ్ళ చెవి ఎముకలు భద్రపరిచే చోట పని తాతయ్యా" అంది. మొదట ఒళ్ళు జలదరించింది. వివరం తెలుసుకున్నాక, ఇది మన రికార్డు రూము పనే కదా అనిపించింది.

ముందు చెవి నిర్మాణం గురించి రెండు మాటలు. బయటికి కనిపించే చెవి ఒక గరాటు మాత్రమే. అసలు చెవి కణత ఎముక లోపల ఉంటుంది. శరీరంలోని ఎముకలన్నిటిలోనూ అత్యంత గట్టి భాగం అదే. అందులో శనగగింజంత చోటులో నత్తగుల్ల ఆకారంలో ఒక గొట్టం రెండున్నర చుట్లు చుట్టుకొని ఉంటుంది. దానినే కర్ణావర్తం అంటారు. విప్పి సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. శబ్దాన్ని పట్టి నరానికి అందించే రోమకణాలు అందులో సుమారు 15,000 ఉంటాయి. కంటిలో వెలుగును పట్టే కణాలు పది కోట్లకు పైగా ఉంటే, చెవికి ప్రకృతి ఇచ్చిన సిబ్బంది పదిహేను వేలు మాత్రమే. పైగా మనుషుల్లో ఈ ఖాళీలు భర్తీ కావు. ఒక కణం పోయిందంటే ఆ పోస్టు రద్దయినట్టే. పక్షులలో మాత్రం మళ్ళీ పుడతాయని 1988లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. కోడికి ఉన్న భాగ్యం మనకు లేదన్నమాట.

కర్ణావర్తం పక్కనే మూడు అర్ధవృత్తాకార నాళాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. ఇవి వినడానికి కాదు, నిలబడటానికి. తల ఎటు తిరిగింది, ఒళ్ళు ఎటు వాలింది అనే కబురు మెదడుకు పంపేది ఇవే. కాబట్టి చెవి అంటే రెండు శాఖలున్న ఒకే కార్యాలయం. ఒక శాఖ వినికిడి చూస్తుంది, ఇంకొకటి సమతూకం చూస్తుంది.

ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఉంది. గుండెలో, కాలేయంలో ఏమైందో తెలియాలంటే డాక్టర్లు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపగలరు. లోపలి చెవిలోంచి ముక్క తీస్తే ఆ చెవి పోతుంది. స్కానింగులో ఎముక ఆకారం కనబడుతుంది గాని, అందులోని కణాలు కనబడవు. బతికి ఉన్న మనిషి చెవిలో ఏ కణం చచ్చిందో, ఏ నరం తెగిందో కంటితో చూసే మార్గం నేటికీ లేదు. కనుక చెవి జబ్బుల నిజం తెలియాలంటే మనిషి పోయిన తరువాత ఆ ఎముకను పరీక్షించడం తప్ప వేరే దారి లేదు.

ఆ దారిన నడిచిన ఒక మహానుభావుడి పేరు మనబోటి ప్రభుత్వోద్యోగులు గుర్తుంచుకోవాలి. ఆయన గెయార్గ్ ఫాన్ బెకెషీ, హంగేరీ దేశస్థుడు. ఆయన 1923 నుంచి రెండు దశాబ్దాలకు పైగా పనిచేసింది బుడాపెస్టులోని తపాలా శాఖవారి ప్రయోగశాలలో. టెలిఫోను బాగు చేయాలంటే ముందు చెవి ఎలా వింటుందో తెలియాలి కదా అని మృతదేహాల చెవి ఎముకలు తెచ్చి పరీక్షించాడు. శాఖ వర్క్‌షాపులో అందరూ వాడుకునే డ్రిల్లు మీదనే ఎముకలు తొలిచేవాడనీ, పొద్దున్నే వచ్చిన పనివాళ్ళు ఎముకల పొడి చూసి చిరాకుపడేవారనీ చెప్పుకుంటారు. శబ్దం కర్ణావర్తంలో అలలా ప్రయాణిస్తుందనీ, కీచు శబ్దాలు మొదట్లోనూ, బొంగురు శబ్దాలు చివర్లోనూ పట్టుబడతాయనీ ఆయన కనిపెట్టాడు. దానికి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. తపాలా శాఖ వర్క్‌షాపులో మొదలైన పనికి నోబెల్ బహుమతి! మన తపాలా పెన్షనర్లు ఈ మాట ఇంటికెళ్ళి మనవలకు చెప్పాలి.

ఇక ఎముకలను భద్రపరిచే సంగతికి వద్దాం. అమెరికాలో 1960లో, డెఫ్‌నెస్ రీసెర్చ్ ఫౌండేషన్ అనే సంస్థ ఆధ్వర్యంలో కణత ఎముకల బ్యాంకుల పథకం మొదలయింది. వినికిడి లోపం ఉన్నవారు, తలతిప్పుడుతో బాధపడినవారు తాము బతికుండగానే, మా తదనంతరం మా చెవి ఎముకలు పరిశోధనకు తీసుకోండి అని అంగీకారం రాసి ఇచ్చేవారు. తరువాత 1988లో అక్కడి ప్రభుత్వం చెవిటితనం, మాట లోపాల పరిశోధన కోసం ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థ 1992లో ఈ ఎముకలన్నిటికీ ఒక జాతీయ రిజిస్ట్రీని ఏర్పాటు చేసింది. దాని కేంద్రం బోస్టన్‌లోని మాసచూసెట్స్ ఐ అండ్ ఇయర్ ఆసుపత్రి. వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు విశ్వవిద్యాలయాల్లో ఉన్న ఎముకలన్నిటినీ ఒక పట్టికలోకి ఎక్కించడం ఆ రిజిస్ట్రీ చేసిన ముఖ్యమైన పని. ఫలానా జబ్బు ఉన్నవారి చెవులు ఎక్కడెక్కడ ఉన్నాయి అని ఒక పరిశోధకుడు అడిగితే, ఆ పట్టిక చూసి చెప్పగలిగే ఏర్పాటు అది. మన భాషలో చెప్పాలంటే అన్ని తాలూకాల రికార్డులకూ కలిపి ఒకే ఇండెక్సు రాశారు.

ఒక్క ఎముకను సిద్ధం చేయడానికి పట్టే కాలం వింటే ఆశ్చర్యం వేస్తుంది. మనిషి పోయిన కొద్ది గంటల్లో ఎముకను తీయాలి. ఆలస్యమైతే లోపలి కణాలు పాడవుతాయి. మొహం మీద ఏ మార్పూ కనిపించదు, అంత్యక్రియలకు ఆటంకమూ ఉండదు. తీసిన ఎముకను ఫార్మలిన్‌లో ఉంచి, తరువాత అందులోని సున్నం కరిగిపోయి మెత్తబడేదాకా ఒక ద్రావకంలో నానబెడతారు. దానికే సుమారు తొమ్మిది నెలలు పడుతుంది. ఆ పైన సెల్లాయిడిన్ అనే జిగురు పదార్థాన్ని లోపలికి ఇంకిస్తారు. ఇంకో మూడు నెలలు. అప్పుడు ఒక మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందంతో రేకులు రేకులుగా కోస్తారు. ఒక్క చెవికి వందలాది రేకులు వస్తాయి. వాటిలో ప్రతి పదో రేకుకు రంగు వేసి గాజు పలక మీద అతికిస్తారు. మిగిలిన తొమ్మిదింటినీ పారేయరు. నంబర్లు వేసి ఆల్కహాలులో భద్రపరుస్తారు. ఎందుకంటే రేపు ఎవరికి ఏ ప్రశ్న వస్తుందో, ఏ కొత్త పరీక్ష పుడుతుందో ఈనాడు తెలియదు.

రికార్డు రూములో పనిచేసినవారికి ఈ ఆలోచన కొత్తది కాదు. ఫైలు ముగిసిందంటే దాని మీద ముద్ర వేస్తాం. ఎల్.డిస్. అయితే ఏడాది తరువాత తీసివేయవచ్చు. ఆర్.డిస్. అయితే శాశ్వతం. ఎప్పుడో తాతల కాలంలో ఒక గుమాస్తా గుండ్రని చేతిరాతతో రాసిన సెటిల్‌మెంటు రిజిస్టరు ఉంటుంది. రాసినవాడెవరో తెలియదు. కాని యాభై ఏళ్ళ తరువాత ఒక పేద రైతు పొలం ఆ ఒక్క పేజీ వల్ల నిలబడుతుంది. అలాంటివి నా కళ్ళతో చూశాను. ఈ ఎముకల మీద కూడా ఆర్.డిస్. ముద్ర ఉందనుకోండి.

ఇంకొక మాట మరీ ముఖ్యమైనది. ఉత్త ఎముక వల్ల ప్రయోజనం తక్కువ. ఆ మనిషి బతికుండగా ఎంత వినేవాడు, ఏ ఏట ఏ పరీక్ష చేయించుకున్నాడు, ఏ మందులు వాడాడు, ఏ మోత మధ్య పనిచేశాడు అన్న కాగితాలు ఆ ఎముకతో పాటు ఉండాలి. వినికిడి పరీక్ష చేసినప్పుడు ఇచ్చే గీతల పటాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ఆ పటాన్నీ, ఎముకలో కనిపించే నష్టాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే కార్యకారణ సంబంధం తెలుస్తుంది. కాగితం లేని ఎముక జత కాగితాలు పోయిన ఫైలు లాంటిది. ఉన్నదనిపించుకుంటుంది గాని తీర్పుకు పనికిరాదు.

ఈ శ్రమ వల్ల మనకేమి ఒరిగింది అని మీరు అడగవచ్చు. మూడు సంగతులు చెబుతాను. మొదటిది నా ఒంటి మీదకు వచ్చినది.

నాకు డెబ్బయ్యో ఏడు నడుస్తుండగా ఒక తెల్లవారుజామున మంచం మీద పక్కకు ఒత్తిగిలగానే గది మొత్తం గిర్రున తిరిగింది. అర నిమిషంలో తగ్గింది. మళ్ళీ ఒత్తిగిలితే మళ్ళీ అంతే. ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. పేరు అనవసరం. మెడకు ఎక్స్‌రే తీశారు, తలకు స్కానింగు తీశారు, మెడ ఎముకలు అరిగాయని పట్టీ కట్టారు, నాలుగు నెలలు మాత్రలు మింగించారు. గుడికి వెళ్ళడం మానేశాను, స్నానాల గదికి వెళ్ళాలన్నా గోడ పట్టుకొని నడిచాను. మా ఇంటావిడ నా వెనకాలే వచ్చేది. చివరికి ఒక కుర్ర ఈఎన్‌టీ డాక్టరు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, అమాంతం వెనక్కు పడుకోబెట్టి నా కళ్ళలోకి చూశాడు. "తాతగారూ, మీ చెవిలో సన్నటి సున్నపు రేణువులు దారి తప్పాయి, వాటిని వెనక్కు పంపుదాం" అని తలను ఒక క్రమంలో అటూ ఇటూ తిప్పాడు. ఐదు నిమిషాల పని. ఆ రోజు నుంచి గది తిరగలేదు.

ఆ ఐదు నిమిషాల వెనుక డెబ్బయి ఏళ్ళ కథ ఉంది. ఇలా పడుకోబెట్టి కళ్ళు చూసే పరీక్షను లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ అనే ఇద్దరు డాక్టర్లు 1952లో వివరించారు. కాని కారణం ఏమిటో స్పష్టం కాలేదు. బోస్టన్‌లో హెరాల్డ్ షుక్‌నెక్ట్ అనే ఆయన, బతికుండగా ఈ తలతిప్పుడుతో బాధపడినవారి ఎముకల రేకులను పరీక్షించి, వెనుక నాళం చివర రేణువులు పేరుకొని ఉండటం చూసి 1969లో ప్రకటించాడు. ఆ రేణువులు అతుక్కోవడం కాదు, నాళంలో తేలుతుంటాయి అని 1979లో ఇంకొందరు అన్నారు. 1992 నాటికి కెనడా డాక్టర్లు శస్త్రచికిత్స చేస్తూ వాటిని కళ్ళారా చూశారు. అదే 1992లో జాన్ ఎప్లీ అనే అమెరికన్ వైద్యుడు తలను తిప్పి వాటిని యథాస్థానానికి చేర్చే పద్ధతిని ప్రచురించాడు. మందు లేదు, కోత లేదు. ఎవరో పేరు తెలియని రోగులు తమ ఎముకలు ఇచ్చిపోబట్టి ఇక్కడ నేను ఈనాడు గోడ పట్టుకోకుండా మీ ముందు నిలబడ్డాను.

రెండవ సంగతి మనలో సగంమందికి సంబంధించినది. వయసుతో వచ్చే చెవుడు. షుక్‌నెక్ట్ మహాశయుడే దీనిని కొన్ని రకాలుగా విభజించాడు. రోమకణాలు పోవడం ఒక రకం, నరం క్షీణించడం ఒక రకం, కర్ణావర్తానికి బ్యాటరీలాగా విద్యుత్తునిచ్చే పొర ఎండిపోవడం ఇంకొక రకం. ముసలితనపు చెవుడుకు ఈ బ్యాటరీ పొర బలహీనపడటమే ప్రధాన కారణమని చాలాకాలం నమ్మారు. ప్రయోగశాలల్లో పెంచే జంతువుల్లోనూ అలాగే కనిపించింది. 2020లో బోస్టన్ పరిశోధకులు 120 మానవ చెవుల రేకులను కొత్త పద్ధతుల్లో, కణం కణం లెక్కపెట్టి, వారి వారి ఆడియోగ్రాములతో సరిపోల్చారు. తేలింది ఏమిటంటే, చెవుడుకు ముఖ్య కారణం రోమకణాలు చనిపోవడమే గాని బ్యాటరీ పొర కాదని. నిశ్శబ్దంగా ఉన్న గదుల్లో ముసలివైన జంతువుల కన్నా మనుషుల్లో ఈ నష్టం చాలా ఎక్కువ. అంటే వయసు ఒక్కటే కాదు, జీవితమంతా మనం విన్న మోత కూడా ఇందులో ముద్దాయి కావచ్చు. పెద్దాయన పెట్టుకున్న నమ్మకాన్ని ఆయన పెంచిన రికార్డు సంప్రదాయమే సరిదిద్దింది. రికార్డు ఉంచడమంటే అదే. మన అభిప్రాయాన్ని కాక, రేపటివాడు మనల్ని తనిఖీ చేసే అవకాశాన్ని ఉంచిపోవడం.

మూడవ సంగతి. "మాట వినిపిస్తోంది, కాని అర్థం కావడం లేదు" అని మనం అంటుంటాం. ఇంట్లోవాళ్ళు నమ్మరు. పెళ్ళిలో, బ్యాంకు హాలులో, నలుగురు ఒకేసారి మాట్లాడే చోట మరీ కష్టం. దీనికి రెండు కారణాలున్నాయి. కర్ణావర్తం మొదట్లోని కణాలు ముందు పోతాయి కనుక కీచు శబ్దాలు ముందు పోతాయి. అచ్చులు బాగానే వినబడతాయి, స, శ, ఫ, త, క వంటి హల్లులు జారిపోతాయి. కోడలు 'కప్పు' అంటే మనకు 'పప్పు' అవుతుంది. ఇది మొదటి కారణం. రెండవదాన్ని 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ అనేవారు ఎలుకలలో కనిపెట్టారు. కాసేపు పెద్ద మోత వినిపించిన ఎలుకలకు కొద్ది రోజుల్లో వినికిడి మళ్ళీ మామూలయింది. రోమకణాలన్నీ క్షేమంగా ఉన్నాయి. కాని వాటికీ నరానికీ మధ్య ఉన్న సంధులు కొన్నిచోట్ల సగం వరకు తెగిపోయాయి. పరికరం బాగుంది, తీగలు ఊడాయి. మామూలు పరీక్షలో ఇది బయటపడదు. మనుషుల్లోనూ ఇలా జరుగుతుందా అని తేల్చుకోవడానికి మళ్ళీ భద్రపరిచిన మానవ చెవుల దగ్గరకే వెళ్ళారు. రోమకణాలు మిగిలి ఉన్నా నరపు తీగలు వయసుతో ఊడిపోతున్నాయని అక్కడ కనబడింది. కాబట్టి అర్థం కావడం లేదని ముసలాయన అంటే అది పరధ్యానమూ కాదు, పెడసరమూ కాదు. దయచేసి పిల్లలు ఈ మాట వినాలి.

ఎలుకల ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క మాట. అందరూ కలిసి వాడుకునే వనరు అంటే ఎముకలే కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1929లో స్థాపించిన జాక్సన్ ప్రయోగశాల వంశావళి రాసిపెట్టిన ఎలుకలను ప్రపంచమంతటా సరఫరా చేస్తుంది. అందులో నల్ల ఎలుకల ఒక వంశానికి ఒక జన్యువులోని తేడా వల్ల చిన్న వయసులోనే చెవుడు మొదలవుతుంది. సి.బి.ఏ. అనే ఇంకొక వంశానికి ముసలితనం దాకా వినికిడి నిలుస్తుంది. ఎవరు ఏ ఎలుకతో ప్రయోగం చేశారో తెలిస్తేనే ఇద్దరి ఫలితాలనూ పోల్చగలం. అలాగే చెవి కణాలలో ఏ జన్యువు ఎక్కడ పనిచేస్తున్నదో ఒకచోట పెట్టి అందరికీ ఉచితంగా అందించే ఏర్పాటు కూడా కంప్యూటరులో ఉంది. విలువైన సూక్ష్మదర్శినులను నాలుగైదు ప్రయోగశాలలు పంచుకుంటాయి. మన ఆఫీసులో ఒక్క సైక్లోస్టైలు యంత్రాన్ని అన్ని సెక్షన్లూ వాడుకున్నట్టే. ఈ ఉమ్మడి పని ఫలించిన తీరుకు ఒక ఉదాహరణ చెబుతాను. ఒకే ఒక్క జన్యువు లోపం వల్ల పుట్టు చెవుడు వచ్చిన ఆరుగురు పిల్లలకు చైనాలో జన్యు చికిత్స చేస్తే, ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024లో ప్రకటించారు. మన ముసలితనపు చెవుడుకు అది వర్తించదు. కాని ద్వారం తెరుచుకుంది.

మన దేశం విషయానికొస్తే, 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది. 1983లో ముంబైలో పెట్టిన జాతీయ సంస్థకు మన హైదరాబాదీయుడైన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, మహారాష్ట్రకు గవర్నరుగా చేసినాయన. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. బోస్టన్ ఎముకల సేకరణను చాలాకాలం నడిపించి, షుక్‌నెక్ట్ రాసిన ప్రామాణిక గ్రంథాన్ని 2010లో ఇంకొకరితో కలిసి తిరగరాసిన సౌమిల్ మర్చంట్ కూడా మన దేశం నుంచి వెళ్ళినవారే. 2012లో గతించారు. మన దగ్గర దేహదానం చేస్తే ఆ దేహం వైద్య కళాశాల శరీర నిర్మాణ శాఖకు చేరుతుంది. చెవి ఆపరేషన్లు నేర్చుకునే కుర్ర డాక్టర్లు బతికున్న మనిషి మీద చేయి పెట్టే ముందు ఇలాంటి కణత ఎముకల మీదే సాధన చేస్తారు. నా తల తిప్పి బాగు చేసిన ఆ అబ్బాయి కూడా అలా నేర్చుకున్నవాడే.

ఇక్కడ చాలామంది మనసులో ఒక సందేహం ఉంటుంది. దేహం సంపూర్ణంగా లేకపోతే కర్మకాండకు లోపమా, ఆత్మకు గతి ఉంటుందా అని. మా ఇంట్లోనూ ఈ చర్చ జరిగింది. మా ఇంటావిడ మొదట ఒప్పుకోలేదు. నేను వాదించలేదు. దేవతల కోసం వెన్నెముక ఇచ్చిన దధీచి మహర్షి కథ మనకు చిన్ననాడే చెప్పారు. ఆయనకు ఉత్తమ గతులు రాలేదని ఏ పురాణమూ అనలేదు. నేత్రదానానికి ఒకనాడు ఇంతకన్నా పెద్ద అభ్యంతరాలు వచ్చాయి, ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ చేస్తున్నారు. తేడా ఒక్కటే. కన్ను ఇస్తే ఇంకొకరికి చూపు వస్తుంది. చెవి ఇస్తే ఎవరికీ వినికిడి రాదు, విద్య వస్తుంది. ఆ విద్య ఎప్పుడో, ఎక్కడో, మనం ఎన్నడూ చూడని మనిషికి అక్కరకు వస్తుంది. ఇది ఎవరి మనసుకు తోచినట్టు వారు, ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకొని నిర్ణయించుకోవలసిన విషయం. బలవంతం లేదు. మా ఇంట్లో ఆ చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

అయితే ఎముక ఇచ్చినా ఇవ్వకపోయినా మనందరం చేయవలసిన పని ఒకటుంది. మన చెవికి ఒక ఫైలు తెరవాలి. బతికున్నంతకాలం అది మనకే పనికివస్తుంది. ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయించుకొని ఆ గీతల పటాన్ని తేదీ వేసి ఉంచుకోండి. క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు తీసుకున్నవారు మనలో ఉంటారు. ఆ జాతి మందులు చెవినీ, సమతూకాన్నీ దెబ్బతీయగలవు కనుక ఆ సంగతి రాసిపెట్టండి. ప్రెస్సులోనో, మిల్లులోనో, లారీ మీదనో పనిచేస్తే అదీ రాయండి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు బీపీ చీటీతో పాటు ఈ ఫైలూ పట్టుకెళ్ళండి.

ఇంకొన్ని జాగ్రత్తలు. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే గులిమి అనుకొని నూనె పోసుకోకండి. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరును చూడండి, ఆలస్యమైతే వినికిడి తిరిగి రావడం కష్టం. పక్కకు ఒత్తిగిలితే తిరిగే తల చాలావరకు రేణువుల సంగతే, కాని తల తిప్పే ఆ పద్ధతిని మొదటిసారి డాక్టరు చేతనే చేయించుకోండి. తల తిరగడంతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, చేయి కాలు లాగినా అది చెవి కాదు, మెదడు. క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

చెవి యంత్రం పెట్టుకోవడానికి సిగ్గుపడేవారికి ఒక మనవి. ముప్పయ్యేళ్ళనాడే కళ్ళజోడు పెట్టుకున్నాం, సిగ్గుపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్లమందికి పైగా ఎంతో కొంత వినికిడి లోపం ఉంది. వారిలో 43 కోట్లమందికి చికిత్సో, యంత్రమో అవసరం. మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం జాగ్రత్త పడదగిన 14 కారణాలలో వినికిడి లోపం ఒకటని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణులు చెప్పారు. వినబడనివాడు ముందు నవ్వి ఊరుకుంటాడు. తరువాత పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తాడు. ఆ తరువాత మన సంఘ సమావేశానికి రావడమూ మానేస్తాడు. మనం అతడి పేరు హాజరు పట్టీలో చూసి, ఒంట్లో బాగుండటం లేదు కాబోలు అనుకుంటాం. నిజానికి ఒంట్లో అంతా బాగానే ఉంటుంది, మన మాట ఒక్కటే అందదు.

కనుక కార్యవర్గానికి ఒక ప్రతిపాదన సమర్పిస్తున్నాను. మార్చి 3 ప్రపంచ వినికిడి దినం. ఆ రోజున మన సంఘ భవనంలో సభ్యులకు, కుటుంబ పెన్షనర్లకు వినికిడి పరీక్షలు ఏర్పాటు చేయాలి. ఒక్కొక్కరికి ఒక అట్ట, ఒక నంబరు ఇచ్చి ఫైలు తెరవాలి. ఇండెక్సు రాసే పని నాకు అప్పగించండి, చేతిరాత ఇంకా చెడలేదు. రాలేనివారి ఇళ్ళకు ఇద్దరేసి వెళ్ళి పిలుచుకొని వద్దాం. ఇళ్ళలోని పిల్లలకూ ఒక కోరిక. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చొని, టీవీ కట్టి, అరవకుండా, నెమ్మదిగా మాట్లాడండి. దీనికి ఖర్చు లేదు, డాక్టరు చీటీ అక్కరలేదు.

నవవిధ భక్తులలో శ్రవణాన్ని మొదట పెట్టారు పెద్దలు. వినడం లేకపోతే తక్కినవి మొదలే కావు.